అమెరికా ఫ్రాంటియర్‌లో సిస్టర్లు పెట్టిన బళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఊళ్ళల్లో సందు చివర రెండు గదుల్లో ఇంగ్లీష్ మీడియం బడి పెట్టినా దాన్ని కాన్వెంటు అనే అంటారు, లోపల ఒక్క సిస్టర్ కూడా ఉండదు. ఆ మాట అంతలా మన నోట్లో పడిపోయిందంటే ఎప్పుడో ఎక్కడో నిజంగానే మఠకన్యలు బళ్ళు నడిపి ఆ పేరు నిలబెట్టారు కాబట్టే. నేను చదువుకుంది కూడా సిస్టర్ల బళ్ళోనే, అందుకేనేమో అమెరికా పడమటి వైపు ఇదే పని చేసిన వాళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాక ఇక ఆపలేకపోయాను. తెలిసినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఫ్రాంటియర్ అంటే ఏ ప్రాంతం?

ఒకే చోటు కాదండీ, అది జరుగుతూ పోయిన గీత. 1800 ప్రాంతంలో కెంటకీ ఫ్రాంటియర్, 1820కి మిస్సోరి, 1850ల్లో న్యూ మెక్సికో, ఓరెగాన్, 1880ల్లో మోంటానా. తూర్పు నుంచి వచ్చి స్థిరపడేవాళ్ళ ఊళ్ళు ఎక్కడ ఆగాయో అక్కడి నుంచి అవతల ఉన్నదంతా వాళ్ళ లెక్కలో ఫ్రాంటియరే. ఆ అవతల అప్పటికే వేల ఏళ్ళుగా జనం ఉన్నారు, న్యూ మెక్సికోలో అయితే స్పానిష్ మాట్లాడే కుటుంబాలు రెండు వందల ఏళ్ళ పైగా ఉంటున్నాయి, కాబట్టి ఖాళీ నేల మీద బడి కట్టారు అనుకుంటే మొదట్లోనే తప్పు అర్థం చేసుకున్నట్టే.

మొట్టమొదట ఎవరు వెళ్ళారు?

న్యూ ఓర్లీన్స్‌కి ఉర్సులైన్ సిస్టర్లు 1727లోనే వచ్చారు, అప్పుడది ఫ్రెంచ్ కాలనీ. కెంటకీలో 1812లో లోరెట్టో సిస్టర్ల సంఘం మొదలైంది, వీళ్ళు యూరప్ నుంచి దిగినవాళ్ళు కాదు, అక్కడే ఉన్న మేరీ రోడ్స్ అనే ఆవిడ లాగ్ క్యాబిన్‌లో పిల్లలకి చదువు చెప్పడంతో మొదలై తర్వాత మఠం అయింది.

మిస్సిసిపీ నది దాటి పడమట బడి అంటే మాత్రం ఎక్కువగా చెప్పే పేరు రోజ్ ఫిలిపీన్ డుషేన్. 1769లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో డబ్బున్న ఇంట్లో పుట్టింది, చిన్నప్పటి నుంచి అమెరికా వెళ్ళి ఆదివాసుల మధ్య పని చెయ్యాలని కోరిక, కానీ ఫ్రెంచ్ విప్లవంలో ఆవిడ చేరిన మఠాన్నే మూసేశారు. ఏళ్ళ తర్వాత సేక్రెడ్ హార్ట్ సంఘంలో చేరి, అడిగి అడిగి, చివరికి 1818లో నలుగురు తోటి సిస్టర్లతో రెబెకా అనే ఓడ ఎక్కింది. అప్పటికి వయసు 48. సముద్రం మీద రెండు నెలల పైన గడిపి మే 29న న్యూ ఓర్లీన్స్‌లో దిగారు, అక్కడి నుంచి నది ఎదురెక్కి మిస్సోరిలో సెయింట్ చార్లెస్ చేరి సెప్టెంబర్‌లో ఫీజు లేని బడి తెరిచారు. అది ఏడాదికే మూతపడింది! నది ఇవతల ఫ్లోరిసెంట్‌కి మారారు, మళ్ళీ 1828లో సెయింట్ చార్లెస్ వచ్చారు. ఇంకో సంగతి, ఆవిడకి ఇంగ్లీష్ చివరి దాకా సరిగ్గా పట్టుబడలేదు. భాష రాని చోట, డబ్బు లేని చోట, 50 ఏళ్ళు దగ్గర పడ్డాక బతుకు కొత్తగా మొదలుపెట్టింది ఆవిడ, నాకైతే ఇది చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది.

వాళ్ళని ఎవరు పిలిచారు? సొంతంగా వెళ్ళారా?

ఎక్కువసార్లు బిషప్‌లే పిలిచేవాళ్ళు. కొత్తగా ఏర్పడ్డ పీఠానికి, అంటే ఒక బిషప్ చూసుకునే చర్చి ప్రాంతానికి, బిషప్‌ని వేస్తారు, చూస్తే బడి లేదు, ఆసుపత్రి లేదు, జీతాలకి డబ్బు లేదు. అప్పుడు ఫ్రాన్స్‌కో, కెనడాలోని క్వెబెక్‌కో, కెంటకీకో ఉత్తరం రాసి సిస్టర్లని పంపమని బతిమాలేవాళ్ళు. డుషేన్‌ని పిలిచింది బిషప్ డుబూర్గ్, న్యూ మెక్సికోలోని సాంటా ఫేకి లోరెట్టో సిస్టర్లని తీసుకెళ్ళింది బిషప్ లామీ. పిలిచేటప్పుడు ఇల్లు చూపిస్తాం అన్నీ చూస్తాం అంటారు, తీరా వెళ్ళాక చూస్తే ఏమీ ఉండదు, ఈ వరస చాలా చోట్ల కనిపిస్తుంది, చదువుతుంటే వాళ్ళ తరఫున మనకే కోపం వస్తుంది.

సిస్టర్ వేరు, నన్ వేరా?

చర్చి నియమం ప్రకారం వేరు. గడప దాటకుండా మఠంలోనే ప్రార్థనలో ఉండేవాళ్ళు నన్‌లు, బయట తిరిగి బడీ ఆసుపత్రీ నడిపేవాళ్ళు సిస్టర్లు. మామూలు మాటల్లో రెండూ ఒకటే అయిపోయాయి, ఇక్కడ కూడా నేను అంత పట్టింపు పెట్టుకోవట్లేదు.

అంత దూరం ఎలా వెళ్ళారు?

దీనికి ఒక్క ప్రయాణం పూర్తిగా చెప్తే సరిపోతుంది. 1870 ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్ దగ్గరున్న కరొండెలెట్ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు ఏడుగురు ఆరిజోనాలోని టూసాన్‌కి బయల్దేరారు. దేశం ఆ చివర నుంచి ఈ చివరకి రైలు పట్టాలు కలిసి అప్పటికి ఏడాది కూడా కాలేదు, ఆ రైల్లోనే శాన్ ఫ్రాన్సిస్కో దాకా వెళ్ళారు, అక్కడి నుంచి ఓడలో శాన్ డియాగో, ఇక అక్కడ మొదలైంది అసలు కష్టం. మే 7న బండి కట్టుకుని ఎడారిలోకి దిగారు. మే నెలలో ఎడారి, పైగా ఒంటి నిండా నల్ల ఉన్ని బట్టలు, ముసుగు. బండిలో అందరికీ చోటు చాలదు, కొండ ఎక్కాల్సి వస్తే దిగి నడవడమే, రాత్రయితే నేల మీద పడక. కొలరాడో నది దాటేటప్పుడు ఇంకొంచెంలో నీళ్ళలో పడిపోయేవాళ్ళే.

ఆ ఏడుగురిలో సిస్టర్ మోనికా అనే ఆవిడ డైరీ రాసింది, మనకి ఇదంతా తెలిసింది అందువల్లే. దారిలో ఒక మకాంలో చుట్టుపక్కల పశువుల కాపర్లు చేరి, ఆ టూసాన్ వెళ్తే ఎలాగూ చంపేస్తారు, దానికన్నా మమ్మల్ని పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోండి అని అడిగారట! ఆ మాట కూడా ఆవిడ దాచకుండా రాసింది. మే 26న టూసాన్ చేరేసరికి ఊరు ఊరంతా ఎదురొచ్చింది, గంటలు మోగించారు, బాణాసంచా కాల్చారు. పది రోజులు తిరిగేసరికి జూన్‌లో బడి మొదలుపెట్టేశారు.

అందరి ప్రయాణం ఇలా ముగియలేదు. 1852లో సాంటా ఫేకి ఆరుగురు లోరెట్టో సిస్టర్లు బయల్దేరారు, దారిలో కలరా తగిలి వాళ్ళ పెద్ద మదర్ మటిల్డా చనిపోయింది, ఇంకో సిస్టర్ జబ్బుతో వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. పెద్ద దిక్కుని దారిలోనే పాతిపెట్టి మిగిలిన నలుగురే సెప్టెంబర్‌లో సాంటా ఫే చేరారు, 1853 మొదట్లో బడి తెరిచారు.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది?

అందరూ చర్చి ఇచ్చింది అనుకుంటారు. చాలా తక్కువ. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 1822లో పెట్టిన ఒక మిషన్ నిధి నుంచి కొంత సాయం వచ్చేది నిజమే, కానీ రోజు గడవాలంటే సిస్టర్లే చూసుకోవాలి. అందుకు వాళ్ళు వాడిన పద్ధతి ఏంటంటే, ఊళ్ళో ఉన్నవాళ్ళ ఆడపిల్లల కోసం అకాడమీ అని ఒక బోర్డింగ్ బడి, దానికి ఫీజు, సంగీతానికి, ఫ్రెంచ్‌కి, బొమ్మలకి వేరే ఫీజు. ఆ వచ్చిన డబ్బుతో పక్కనే లేనివాళ్ళ పిల్లలకి ఉచిత బడి. పియానో పాఠాలే చాలా మఠాలకి అన్నం పెట్టాయి అంటే అతిశయోక్తి కాదు. ఇద్దరికీ ఒకే గది కాదు, ఒకే బల్ల కాదు, అది కూడా చెప్పుకోవాలి. డబ్బు లేని ఇళ్ళవాళ్ళు పిండి, మాంసం, కట్టెలు ఇచ్చి ఫీజు సరిపెట్టుకునేవాళ్ళు.

ఇంక చేతనైన చోట అడుక్కోవడం. ఇందులో మదర్ జోసెఫ్‌ని మించినవాళ్ళు లేరు, ఆవిడ గురించి కిందన వివరంగా చెప్తాను.

కాథలిక్ పిల్లలే చదివేవాళ్ళా?

కాదు. చాలా ఊళ్ళల్లో ఆడపిల్లలకి చదువంటే ఆ చుట్టుపక్కల అదొక్కటే బడి, కాబట్టి ప్రొటెస్టంట్లు, యూదులు కూడా పంపేవాళ్ళు. ఓరెగాన్‌లోని పోర్ట్‌ల్యాండ్‌లో హోలీ నేమ్స్ సిస్టర్లు 12 మంది మాంట్రియల్ ప్రాంతం నుంచి పనామా మీదుగా వచ్చి 1859 నవంబర్ 6న సెయింట్ మేరీస్ అకాడమీ తెరిస్తే మొదటి రోజు వచ్చింది ఆరుగురు పిల్లలే, వాళ్ళలో కూడా అందరూ కాథలిక్కులు కాదు.

అలాగని అందరూ ఆదరించారని కాదు. తూర్పున బోస్టన్ పక్కన చార్ల్స్‌టౌన్‌లో 1834లో ఒక గుంపు ఉర్సులైన్ల మఠాన్నీ బడినీ తగలబెట్టేసింది. మఠాల్లో ఏదో జరుగుతుంది అనే పుకార్లు దేశమంతా నడిచేవి, అందుకే కొన్నిసార్లు ప్రయాణాల్లో సిస్టర్లు మామూలు బట్టలేసుకుని వెళ్ళేవాళ్ళు.

వడ్రంగం చేసిన సిస్టర్ ఉందంటారు, నిజమేనా?

నిజం, ఆవిడే మదర్ జోసెఫ్. క్వెబెక్‌లో 1823లో పుట్టింది, అసలు పేరు ఎస్తేర్ పారిజో. తండ్రి గుర్రపు బళ్ళు తయారుచేసే ఆయన, కూతురికి కూడా పని నేర్పాడు. 20 ఏళ్ళకి మాంట్రియల్‌లో ప్రొవిడెన్స్ సిస్టర్ల దగ్గర వదిలేటప్పుడు ఆయనే చెప్పాడట, మా అమ్మాయికి చదవడం రాయడం వచ్చు, వంట, కుట్టుపని, నూలు వడకడం వచ్చు, వడ్రంగం కూడా వచ్చు అని.

1856 డిసెంబర్ 8న నలుగురు సిస్టర్లతో కలిసి ఇప్పటి వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ ఊళ్ళో దిగింది. కెనడాలో ఉన్న వాంకూవర్ కాదు, పోర్ట్‌ల్యాండ్‌కి నది అవతల ఉన్నది, చాలామంది పొరపాటు పడతారు. వీళ్ళ కోసం ఏ ఇల్లూ సిద్ధంగా లేదు, ముందు బిషప్ ఇంటి అటకే దిక్కయింది. ఆవిడ సుత్తి పట్టుకుని బల్లలు, మంచాలు, ప్రార్థన పీఠం అన్నీ తనే చేసింది, మరుసటి ఏడు వసంతానికి బడి నడుస్తోంది.

1873కి అక్కడే ప్రొవిడెన్స్ అకాడమీ కట్టింది, మూడంతస్తుల ఇటుక భవనం, ప్లాన్ ఆవిడదే. నడుముకి సుత్తి వేలాడేసుకుని పరంజి ఎక్కి చూసేదట, ఇటుక వరస వంకరగా వస్తే ఎవరూ చూడనప్పుడు పీకేసి తనే మళ్ళీ కట్టేదట. ఈ కట్టడాలకి డబ్బు కోసం గుర్రం మీద గని పనివాళ్ళ క్యాంపులకి వెళ్ళి, బంగారం తవ్వేవాళ్ళ దగ్గర జోలె పట్టేది. ఒకసారి దారిలో దొంగలు బండి ఆపి సంచులు లాక్కుంటే, ఆ నల్ల సంచి నాది బాబూ ఇచ్చెయ్యి అని అడిగి తీసుకుందని, అందులోనే విరాళాల డబ్బంతా ఉందని ఇప్పటికీ చెప్పుకుంటారు. బళ్ళు, ఆసుపత్రులు, అనాథాశ్రమాలు కలిపి పదుల సంఖ్యలో కట్టి 1902లో చనిపోయింది. అమెరికా పార్లమెంటు భవనంలో ఒక్కో రాష్ట్రం రెండు విగ్రహాలు పెట్టుకోవచ్చు, వాషింగ్టన్ రాష్ట్రం 1980లో పెట్టింది ఈవిడదే, మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్నట్టు ఉంటుంది. సియాటిల్ వైపు ఉండే మన తెలుగువాళ్ళు ప్రొవిడెన్స్ ఆసుపత్రికి వెళ్ళే ఉంటారు, ఆ పేరు వెనకాల ఉన్నది ఈ సిస్టర్లే.

బిల్లీ ద కిడ్‌ని ఎదిరించిన సిస్టర్ కథ నిజమా?

సిస్టర్ బ్లాండినా సెగాలే, ఇటలీలో పుట్టి సిన్సినాటిలో పెరిగింది. 1872లో 22 ఏళ్ళకి ట్రినిడాడ్ వెళ్ళమని ఆర్డర్ వస్తే దీవి అనుకుంది, తీరా చూస్తే కొలరాడోలో ఉన్న ఊరు! బిల్లీ అనే బందిపోటు ముఠాలో ఒకడికి దెబ్బ తగిలితే ఆవిడ సేవ చేసిందని, అందుకు కృతజ్ఞతగా వాళ్ళ ముఠా ఆ తర్వాత ఆవిడ మాట విన్నదని ఆవిడే రాసుకుంది. అయితే ఆ బిల్లీ ప్రసిద్ధుడైన బిల్లీ ద కిడ్ కాదు, అదే పేరున్న ఇంకొకడు అయ్యుంటాడని చరిత్రకారులు చాలామంది అంటారు, తేదీలు కూడా అలాగే ఉన్నాయి.

నాకు అంతకంటే నచ్చేది ఆవిడ బడి కట్టిన తీరు. పాత మట్టి ఇటుకల బడి కూలేలా ఉంది, కొత్తది కట్టడానికి పైసా లేదు. ఒక గునపం తీసుకుని పైకప్పు మీదికెక్కి ఒక్కో ఇటుకా పీకడం మొదలుపెట్టింది. దారిన పోయే ఒకావిడ ఆగి ఏం చేస్తున్నారు సిస్టర్ అని అడిగితే, కొత్త బడి కడుతున్నాను, ముందు పాతది తియ్యాలి కదా అంది. కాసేపటికి ఆవిడ పనివాళ్ళని పంపింది, ఇంకొకరు కలప ఇచ్చారు, అలా బడి లేచింది. ఈ సంగతులన్నీ ఆవిడ తన అక్కకి, ఆ అక్క కూడా సిస్టరే, రాసుకున్నవి.

మేరీ ఫీల్డ్స్ కూడా సిస్టరా?

కాదు, కానీ ఆవిడ లేకపోతే మోంటానా బడి కథ సగమే. టెనెసీలో బానిసగా పుట్టిన నల్లజాతి ఆవిడ, విముక్తి అయ్యాక ఒహాయోలో ఉర్సులైన్ల మఠంలో పనిచేసేది. అక్కడి మదర్ అమదియస్ 1884లో మోంటానా వెళ్ళి షాయెన్, బ్లాక్‌ఫీట్ అనే ఆదివాసీ తెగల పిల్లల కోసం బళ్ళు పెట్టింది, 1885లో ఆవిడకి న్యుమోనియా వచ్చి ప్రాణం మీదికొస్తే మేరీ పరిగెత్తుకు వెళ్ళి సేవ చేసి బతికించింది, ఇక అక్కడే ఉండిపోయింది. బండి మీద సరుకులు తోలింది, తోట పెంచింది, బట్టలుతికింది. గొడవల వల్ల బిషప్ మిషన్‌లో ఉండొద్దన్నాడు, అయినా సిస్టర్లు ఆవిడని వదిలెయ్యలేదు. 1895లో టపా మోసే కాంట్రాక్టు సంపాదించి 60 దాటిన వయసులో మంచులో బండి తోలింది, ఆ పని చేసిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే.

బానిసల విషయంలో ఈ సిస్టర్లు ఎలా ఉన్నారు?

తప్పించుకోకుండా చెప్పాలి. కెంటకీ, మిస్సోరి, లూసియానాల్లో చాలా మఠాలకి బానిసలు ఉండేవాళ్ళు. లోరెట్టో సిస్టర్ల దగ్గర ఉన్నారు, డుషేన్ సంఘం సేక్రెడ్ హార్ట్ దగ్గరా ఉన్నారు. సిస్టర్లు మఠంలో చేరేటప్పుడు తెచ్చిన కట్నంతో పాటు కొందరు వచ్చారు, కొందరిని కొన్నారు కూడా. లూసియానాలో గ్రాండ్ కోటో బడి 1821లో పెట్టారు, ఆ బడి అంట్లు, వంట, పొలం ఆ బానిసల చేతుల మీదే నడిచింది. సేక్రెడ్ హార్ట్ సంఘం అమెరికా వచ్చి 2018కి 200 ఏళ్ళు నిండిన సందర్భంలో పాత రికార్డులు తీసి, ఆ మనుషుల పేర్లు వెతికి, వాళ్ళ వారసుల్ని పిలిచి ఆ పేర్లు పైకి చదివింది. ఆలస్యమే, కానీ ఆ పేర్లు లేకుండా ఆ బడి చరిత్ర రాయడం అబద్ధం రాసినట్టే అని నా అభిప్రాయం.

ఆదివాసీ పిల్లల బోర్డింగ్ బళ్ళ సంగతి?

ఈ ప్రశ్నే అన్నిటికంటే కష్టం. 1838లో ఇండియానా నుంచి పొటావటోమీ జనాన్ని సాయుధ మిలీషియా దళం తుపాకుల మధ్య కాన్సాస్‌కి నడిపించింది, 850 మందికి పైగా బయల్దేరితే దారిలో 40 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. మూడేళ్ళ తర్వాత 1841లో వాళ్ళుంటున్న షుగర్ క్రీక్‌కి 70 దాటిన డుషేన్ వెళ్ళింది. భాష నేర్చుకునే వయసు కాదు, బళ్ళో పాఠం చెప్పలేదు, రోజంతా ప్రార్థనలో కూర్చునేది. వాళ్ళు ఆవిడకి ఎప్పుడూ ప్రార్థించే ఆవిడ అని పేరు పెట్టారు. ఏడాదికే ఆరోగ్యం పాడై వెనక్కి రావాల్సొచ్చింది.

తర్వాత వచ్చిన బళ్ళు వేరే రకం. 1869 నుంచి ప్రభుత్వం ఆదివాసీ ప్రాంతాల్ని చర్చిలకి పంచింది, కాంట్రాక్టు బళ్ళు అని పిల్లాడికింత లెక్కన డబ్బు ఇచ్చింది. పిల్లల్ని ఇంటి నుంచి విడదీసి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, సొంత భాష మాట్లాడితే శిక్షించే పద్ధతి ప్రభుత్వ బళ్ళల్లో ఉన్నట్టే చర్చి బళ్ళల్లోనూ ఉంది. కొందరు పిల్లల మీద అత్యాచారాలు జరిగాయి, కొందరు ఇంటికి తిరిగి రాలేదు. 2024లో అమెరికా ప్రభుత్వ నివేదిక ప్రభుత్వం నడిపిన, సాయం చేసిన బళ్ళల్లో కనీసం 973 మంది పిల్లలు చనిపోయారని తేల్చింది. అదే ఏడు జూన్‌లో కాథలిక్ బిషప్‌లు క్షమాపణ చెప్పారు, అక్టోబర్‌లో అప్పటి ప్రెసిడెంట్ బైడెన్ చెప్పారు.

మరి మంచి సిస్టర్లు లేరా అని అడుగుతారు. ఉన్నారు, వాళ్ళని ప్రేమగా గుర్తుపెట్టుకున్న కుటుంబాలూ ఉన్నాయి. ఫిలడెల్ఫియా కోటీశ్వరుడి కూతురు కాథరిన్ డ్రెక్సెల్ తన వాటాకి వచ్చిన ఆస్తి అంతా, రెండు కోట్ల డాలర్ల దాకా, ఆదివాసీ, నల్లజాతి పిల్లల చదువుకే పెట్టి 1891లో సొంతంగా ఒక సంఘం మొదలుపెట్టింది, ఆరిజోనాలో నవాహో పిల్లల కోసం 1902లో పెట్టిన సెయింట్ మైఖేల్స్ ఇప్పటికీ నడుస్తోంది. కానీ పిల్లకి అమ్మ భాష మర్చిపోయేలా చేసే బడి ఎంత ప్రేమతో నడిపినా అది గాయమే. తెలుగు మాట్లాడితే ఫైన్ వేసే బళ్ళు చూసిన మనకి ఇది కొంచెమైనా అర్థం అవ్వాలి, అయితే వాళ్ళు పోగొట్టుకున్నదాని పక్కన మనది చాలా చిన్నది.

సాంటా ఫే మెట్ల అద్భుతం సంగతేంటి?

లోరెట్టో సిస్టర్ల చాపెల్ 1878లో పూర్తయింది, పైన గాయకుల అరుగుకి మెట్లు లేవు. తొమ్మిది రోజుల జపం చేశాక ఎవరో వడ్రంగి వచ్చి కట్టి డబ్బు తీసుకోకుండా వెళ్ళిపోయాడని, ఆయన యేసుని పెంచిన వడ్రంగి పునీత జోసెఫే అని నమ్మకం. 33 మెట్లు, రెండు పూర్తి చుట్లు, మధ్యలో స్తంభం లేదు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన రోషా అనే వడ్రంగి పని అని ఒక చరిత్రకారిణి ఆధారాలు చూపించింది. ఎవరు కట్టినా చూడదగ్గదే. అకాడమీ మాత్రం 1968లో మూతపడింది.

తెలుగు నేలకి వీళ్ళతో ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. టూసాన్‌కి ఎడారి దాటి వెళ్ళిన ఆ ఏడుగురు సెయింట్ జోసెఫ్ సిస్టర్లు కదా, వాళ్ళ మూలం 1650లో ఫ్రాన్స్‌లోని లె ప్యూయిలో మొదలైన సంఘం. అందులోంచి ఒక కొమ్మ 1836లో సెయింట్ లూయిస్ వెళ్ళింది, ఇంకో కొమ్మ ఆనసీ నుంచి 1849లో మన విశాఖపట్నం ప్రాంతానికి వచ్చింది. ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు అన్నమాట, ఒకరు మిస్సిసిపీ వైపు, ఒకరు బంగాళాఖాతం వైపు. విశాఖలో సెయింట్ జోసెఫ్ పేరున్న బళ్ళల్లో చదివిన ఆడపిల్లలకి ఈ లంకె తెలిస్తే బావుంటుంది అనిపిస్తుంది.

ఇప్పుడు ఏమైనా మిగిలాయా? చూడొచ్చా?

1965లో అమెరికాలో సిస్టర్లు దాదాపు 1 లక్షా 80 వేల మంది, ఇప్పుడు 40 వేల లోపే, ఉన్నవాళ్ళలో చాలామంది ముసలివాళ్ళు. బళ్ళు మూతపడ్డాయి, లేదా మామూలు టీచర్ల చేతికొచ్చాయి. పోర్ట్‌ల్యాండ్ సెయింట్ మేరీస్‌లో ఇప్పటికీ ఆడపిల్లలు చదువుతున్నారు. వాంకూవర్‌లో మదర్ జోసెఫ్ కట్టిన ఇటుక భవనం నిలబడే ఉంది, లోపల చాపెల్‌లో ఆవిడ చేతి చెక్కపని కూడా ఉంది. సెయింట్ చార్లెస్‌లో డుషేన్ బడి నడుస్తూనే ఉంది, ఆవిడ 1852లో అక్కడే చనిపోయింది, 1988లో పునీతురాలిగా ప్రకటించారు, సమాధి ఆ ఆవరణలోనే ఉంది. వెళ్తే ఆవిడ చివరి రోజుల్లో ఉన్న చిన్న గది కూడా అడిగి చూడండి.